దాదీ కుట్టుమిషనుకు మరమ్మతా, మెరుగులా?

గడచిన ఈదుల్ ఫిత్ర్ సెలవులకు మేమంతా నరసాపురంలోని మా పాత ఇంట్లో కలుసుకున్నాము. మా దాదీ (అల్లాహ్ ఆమెను కరుణించుగాక) ఇహలోకం వీడిన తరువాత వచ్చిన మొదటి పండుగ అది. ఆమె విడిచి వెళ్ళిన సామాను కొద్దిపాటిదే. బట్టలు అవసరమున్న వారి ఇళ్ళకు చేరాయి. రాగి దేగిశాలు, ఇత్తడి పాన్‌దాను, నమాజు చౌకీ వంటివి ఎవరికి ఏది కావాలో అడిగి, మాట పట్టింపు లేకుండా పంచుకున్నారు. చివరకు ఒక్క వస్తువు మిగిలింది. నడవలో కిటికీ పక్కన, వంపు చెక్కమూత కింద ఉన్న చేతి కుట్టుమిషను. దాని దగ్గరకు వచ్చేసరికి పెద్దల మాట కలవలేదు.

పాతికేళ్ళుగా కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న మా చాచా ముందుగా తన అభిప్రాయం చెప్పారు. హైదరాబాదులో పాత మిషన్లను సరికొత్తగా చేసి ఇచ్చేవారున్నారట. పాత రంగంతా గీకివేసి కొత్త నలుపు వేస్తారు, బంగారు అక్షరాలు మళ్ళీ అద్దుతారు, తుప్పు పట్టిన భాగాలకు నికెల్ పూత పూస్తారు, కావాలంటే మోటారు కూడా బిగిస్తారు. 18,000 రూపాయలు అవుతుందని విచారించి వచ్చారు. ఆ సొమ్ము తానే పెట్టుకుంటానన్నారు. "అమ్మీ వస్తువు ఇలా తుప్పు పట్టి పడి ఉండటం నేను చూడలేను. మా హాలులో అద్దాల బీరువాలో పెడతాను. వచ్చినవాళ్ళు చూసి, ఇది మా అమ్మీ మిషను అని తెలుసుకుంటారు" అన్నారు.

పెద్ద ఫుప్ఫూ అసలు దానిని ముట్టుకోవడానికే ఒప్పుకోలేదు. "అమ్మీ చెయ్యి పడిన చోట ఇంకొకరి చెయ్యి పడనివ్వను. ఎలా ఉన్నదో అలాగే ఉండనీ" అన్నది ఆమె మాట.

చిన్న ఫుప్ఫూ కూతురు అప్పుడు ఏమీ అనలేదు. రెండేళ్ళ క్రితం భర్తను పోగొట్టుకుని, ఇద్దరు ఆడపిల్లలతో పుట్టింటికి వచ్చిన మనిషి. అందరూ భోజనాలకు లేచిన తరువాత మా అబ్బా దగ్గరకు వచ్చి, "బడే మామూ, అది మళ్ళీ కుడుతుందా?" అని మెల్లగా అడిగింది. అంతసేపు జరిగిన చర్చలో ఆ ప్రశ్న అడిగినవారు మరొకరు లేరని మాకు అప్పుడు తట్టింది.

ఈ శీర్షిక చదివే ఇళ్ళలో ఇటువంటి వస్తువు ఒకటి ఉండకపోదు. ఆగిపోయిన గోడగడియారం కావచ్చు, వాల్వుల రేడియో కావచ్చు, తాతగారి సైకిలు కావచ్చు. పారవేయడానికి మనసొప్పదు, ఏమి చేయాలో తోచదు. కనుక మా ఇంట్లో జరిగిన సంగతిని కాస్త వివరంగానే పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మిషను పుట్టుపూర్వోత్తరాలు

మా దాదా దానిని 1950లలో రాజమండ్రిలో ఒకరి దగ్గర పాతదిగానే కొన్నారు. అంటే మా ఇంటికి వచ్చేనాటికే అది ఒక ఇంట్లో పని చేసి వచ్చిన మిషను. సింగర్ కంపెనీ ప్రతి మిషను మీదా ఒక వరుస సంఖ్య అచ్చొత్తేది. కుడివైపు, స్తంభం మొదట్లో చిన్న పలక మీద ఆ సంఖ్య ఉంటుంది. దాని ముందున్న అక్షరాన్ని బట్టి ఏ కర్మాగారంలో, సుమారుగా ఏ కాలంలో తయారైనదో చెప్పవచ్చు. మా మిషను మీద ఉన్నది 'వై' అక్షరం. స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారం 1920లలోనూ, 1930ల తొలి భాగంలోనూ ఆ అక్షరాన్ని వాడింది. 1885లో ప్రారంభమైన ఆ మహా కర్మాగారం 1980లో మూతపడింది. అక్కడ తయారైన మిషను మాత్రం గోదావరి ఒడ్డున మా నడవలో ఉంది.

అంత దూరం నుంచి ఇక్కడికి రావడం ఆ కాలంలో వింతేమీ కాదు. ఐజక్ సింగర్ తన మిషనుకు 1851లో పేటెంటు పొందాడు. తరువాత కొన్నేళ్ళకే ఆయన కంపెనీ వాయిదాల మీద మిషన్లు అమ్మే పద్ధతి తెచ్చింది. ఒకేసారి సొమ్ము చెల్లించలేని కుటుంబాలకు అది తలుపు తెరిచింది. 1870ల నుంచే ఆ మిషన్లు మన దేశానికి రావడం మొదలైంది. నసర్వాంజీ మెర్వాంజీ పటేల్ అనే పారసీ వ్యాపారి ఇండియా, బర్మా, సిలోనులలో వాటి అమ్మకాన్ని విస్తరింపజేశారు. మన దర్జీలు వాటిని అరుగుల మీదికి, ఇల్లాళ్ళు నడవల్లోకి తెచ్చుకున్నారు. 1930లలో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ 'ఉషా' మిషన్లను తయారు చేయడంతో దేశవాళీ మిషను కూడా అందుబాటులోకి వచ్చింది. యంత్రాల పట్ల ఎంతో విముఖత చూపిన గాంధీజీ సైతం 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమను తగ్గించే యంత్రానికి ఆయన దానిని ఉదాహరణగా చూపారు.

మా దాదా కాలం చేసేనాటికి మా అబ్బాకు పదకొండేళ్ళు, చిన్న ఫుప్ఫూకు మూడేళ్ళు. ఆ తరువాత నలుగురు పిల్లల అన్నం, బడి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చాలా మట్టుకు ఆ చేతిమిషను మీదనే గడిచాయి. లంగాలు, జాకెట్లు, పిల్లల నిక్కర్లు, పండుగ ముందు కుర్తాలు. రంజాన్ నెలలో తరావీహ్ నమాజు తరువాత మొదలుపెట్టి సహరీ వేళ దాకా కుట్టేదని మా అబ్బా చెబుతుంటారు.

రెండు మాటల మధ్య తేడా

మరమ్మతు అన్న మాట అరబీ మూలం నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. చెడిన దానిని సరిచేసి పనిలోకి తేవడం దాని అర్థం. పునరుద్ధరణ వేరు. వస్తువు తయారైన నాడు ఎలా ఉండేదో అలా తిరిగి చేయడం దాని ఉద్దేశం. మరమ్మతు ఆగిపోయిన చోటును మాత్రమే ముట్టుకుంటుంది. పునరుద్ధరణ వస్తువునంతటినీ ముట్టుకుంటుంది.

మా మిషను విషయంలో ఈ తేడా కంటికి కనిపించేటంత స్పష్టంగా ఉంది. నల్లని ఒంటి మీద బంగారు తీగల నగిషీ కుడివైపున ఇంకా చెక్కుచెదరలేదు. ఎడమవైపు, సూదికి ముందున్న అంచులో మాత్రం బంగారమూ లేదు, నలుపూ లేదు. లోపలి ఇనుము నున్నగా తేలింది. చేతిమిషనులో కుడిచెయ్యి పిడి తిప్పుతుంది కనుక గుడ్డను నడిపే భారమంతా ఎడమచేతిదే. ఆ ఎడమచెయ్యి మా దాదీది. నలభై ఏళ్ళకు పైగా గుడ్డతో పాటు ఆమె అరచెయ్యి ఒరుసుకుని రంగు పోయిన చోటు అది. రంగు గీకి కొత్తగా వేసే పనివారు ముందుగా సరిచేసేది ఆ చోటునే. అప్పుడు మిషను 1920లలో కర్మాగారం నుంచి వెలువడిన నాటి రూపానికి వస్తుంది. కాని ఆ నాటికి అది మా దాదీ మిషను కాదు.

ఇది చాచాకు ఎదురుచెప్పడానికి అంటున్న మాట కాదు. ఆయన మాటలో ఒక నిజం ఉంది, దానిని తరువాత ప్రస్తావిస్తాము.

మేస్త్రి వచ్చిన రోజు

ముందు మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. మేస్త్రి వచ్చేలోగా మిషనును శుభ్రం చేద్దామన్న ఉత్సాహంతో మేము థిన్నరులో ముంచిన గుడ్డతో ఒక మూల రుద్దాము. నాలుగు సార్లు రుద్దేసరికి గుడ్డకు నలుపు అంటింది, ఒక బంగారు ఆకు సగం చెరిగిపోయింది. పాత మిషన్ల బంగారు నగిషీ పలుచని అద్దకం. దాని మీద పారదర్శకమైన వార్నిష్ పూత ఉంటుంది. థిన్నరు, స్పిరిట్ వంటివి ఆ పూతను కరిగిస్తాయి. పూత పోయిన తరువాత బంగారం నిలవదు.

మేస్త్రి సఖినేటిపల్లి వైపు నుంచి పంటు దాటి వచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి. చెరిగిన ఆకును చూసి, "పోయిన బంగారం పోయిందండి. ఇంక గుడ్డ పక్కన పెట్టేయండి" అని మాత్రం అన్నారు. తరువాత చక్రం తిప్పి చూశారు. కదల్లేదు. ముందున్న జారుడు పలకను తెరిచి, లోపల పడవ ఆకారంలో ఉన్న షటిల్‌ను బయటికి తీశారు. దాని కింద దారపు నలుసు అట్టకట్టి కంబళి ముక్కలా ఊడి వచ్చింది. "దీనికి రోగం ఏమీ లేదండి. తిండి లేక బిగిసిపోయింది" అన్నారు.

ఆయన చెప్పిన కారణం అందరూ తెలుసుకోదగినది. మిషను నూనె అయిపోయినప్పుడు చాలా ఇళ్ళలో చేతికందిన వంటనూనె వేస్తారు. ఆ నూట అప్పటికి పని జరుపుతుంది. కాని గాలి తగిలిన కొద్దీ వంటనూనె జిగురుగా మారి, ఏళ్ళు గడిస్తే లక్కలా గట్టిపడుతుంది. ఇనుము ఇనుముకు అతుక్కుపోతుంది. మిషను పాడైపోయిందని మనం అనుకుంటాము. బలంగా తిప్పితే పళ్ళు విరుగుతాయి. ఆయన అలా చేయలేదు. నూనె రంధ్రాలన్నింటిలో కొద్దికొద్దిగా కిరసనాయిలు వేసి, రంగు మీద పడిన చుక్కలను వెంటనే తుడిచి, రాత్రంతా వదిలేయమన్నారు. మరునాడు చక్రం వేలితో తోస్తే కదిలింది. కరిగిన జిగురును తుడిచి, అసలైన మిషను నూనె వేశారు.

తరువాత ఒక్కొక్క లోపమూ బయటపడింది. సూది వంగి ఉంది. పైదారాన్ని బిగించే బిళ్ళల మధ్య పాత దారపు పోగు ఇరుక్కుంది, దాని స్ప్రింగు సత్తువ కోల్పోయింది. బాబిన్‌కు దారం చుట్టే చిన్న రబ్బరు వలయం ఎండి పగిలింది. పిడికి ఉన్న చెక్క బీటలువారింది. ఇవన్నీ మార్చవలసినవే. చివరగా షటిల్ మొనను గోటితో తడిమి చూశారు. సూది గుడ్డ కిందికి దిగి పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా విప్పారుతుంది. షటిల్ ఆ ఉచ్చులోంచి దూరి కిందిదారాన్ని దాటిస్తే ఒక కుట్టు పడుతుంది. మొన గరుకుగా ఉంటే దారం తెగుతుంది, అరిగిపోతే కుట్టు తప్పుతుంది. మాది గరుకెక్కింది గాని అరగలేదు. సన్నని ఎమెరీ కాగితంతో నునుపు చేశారు.

మోటారు సంగతి అడిగాము. "ఆకుల చక్రం మిషనుకి మోటారు కట్టాలంటే చక్రం మార్చాలండి. చక్రం మార్చాక ఇది ఇది కాదు. చేతివేగానికి అలవాటుపడ్డ షటిల్‌ని మోటారుతో పరుగెత్తిస్తే ఎన్నాళ్ళుంటుంది?" అన్నారు.

రెండు రోజుల పనికి, సామాన్లకు కలిపి 1,150 రూపాయలు అయ్యాయి.

ఊరు నేర్పే మాట

ఇంతలో మాకు ఒక ఆలోచన కలిగింది. ఇటువంటి విషయంలో నరసాపురానికి చెప్పడానికి ఎంతో ఉంది. ఈ రేవు 17వ శతాబ్దంలో ఓడలు కట్టడానికీ, దెబ్బతిన్న ఓడలను బాగు చేయడానికీ పేరుపొందినది. గోదావరి మీద తేలి వచ్చే కలప, నైపుణ్యం గల వడ్రంగులు, కమ్మరులు ఉండటం వలన విదేశీ వర్తకులు తమ ఓడలను ఇక్కడికి తెచ్చేవారు. ఓడను బాగు చేసేవాడు కుళ్ళిన పలకను తీసి కొత్త పలక వేస్తాడు, అతుకుల్లో నార కూరుతాడు, మళ్ళీ నీటిలోకి తోస్తాడు. అది తిరిగి సముద్రం మీదికి వెళ్ళగలదా లేదా అన్నదే అతని లెక్క.

ఊరి అంచునున్న మాధవాయిపాలెం పేరు ప్రపంచ వస్త్ర నిఘంటువులలో నేటికీ ఉంది. అక్కడి ఇంగ్లీషు వర్తక స్థావరం నుంచి ఎగుమతి అయిన మెత్తని నూలు గుడ్డకు 'మదపోలం' అన్న పేరు స్థిరపడింది. ఆ గుడ్డ నేసిన వారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఇక్కడి లేసు అల్లికదీ అదే కథ. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ప్రవేశించిన ఆ అల్లిక ఈ ప్రాంతపు వేలాది స్త్రీల చేతుల్లో పెరిగింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఈ లేసు స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. రోజంతా అల్లి దేశవిదేశాలకు సరుకు పంపే స్త్రీని ఇంటివారు, వర్తకులు, చివరకు ఆమె తనకు తానే 'ఖాళీగా ఇంట్లో కూర్చున్న మనిషి'గా భావించడం ఆమె గమనించిన ముఖ్య విషయం.

మా దాదీ లేసు అల్లలేదు. కాని జనాభా లెక్కలవారు వచ్చి వృత్తి ఏమిటని అడిగితే ఆమె 'ఏమీ లేదు' అని చెప్పేదట. నలుగురు పిల్లలను పెంచిన సంపాదనకు కాగితం మీద ఆధారమేదీ లేదు. మిషను ఎడమ అంచున అరిగిన ఆ జానెడు చోటు తప్ప! దానిని కొత్త రంగుతో కప్పివేయడానికి మాకు చేతులు రాలేదు. ప్రవక్త (సల్లం) సతీమణి జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వయంగా చేతిపని చేసి, ఆ ఆర్జనను దానం చేసేవారని హదీసుల ద్వారా మనకు తెలుసు. స్త్రీ చేతిపని గౌరవాన్ని మన ఇళ్ళు కొత్తగా నేర్చుకోనక్కరలేదు, గుర్తుచేసుకుంటే చాలు.

వస్తువు ఎవరిది?

మరమ్మతా, మెరుగులా అన్న తర్కంలో మేము దాదాపు మరచిన ప్రశ్న మరొకటి ఉంది. మా అబ్బా దానిని గుర్తుచేశారు. మృతులు విడిచిన వస్తువు చిన్నదైనా పెద్దదైనా అందులో వారసులందరికీ హక్కుంటుంది. సొమ్ము నేను పెట్టుకుంటానన్నంత మాత్రాన దాని రూపం మార్చే అధికారం ఒక్కరికే రాదు. ముట్టవద్దని శాసించే అధికారమూ ఒక్కరికి రాదు. నలుగురూ కూర్చుని, మనస్ఫూర్తిగా ఒక మాట మీదికి వచ్చిన తరువాతనే దాని మీద చెయ్యి వేయాలి. సూది, స్ప్రింగు మార్చడానికి అందరూ సులభంగానే ఒప్పుకున్నారు. అది వస్తువును కాపాడే పని. రంగు గీకడం వేరు. గీకిన దానిని తిరిగి తేలేము.

ఆ సాయంత్రం

పని ముగిసిన రోజున మేస్త్రి రెండు వరుసల గుడ్డముక్క సూది కింద పెట్టి, పక్కనున్న చాచాను పిడి తిప్పమన్నారు. చాచా తిప్పారు. ఆ టకటక శబ్దం నడవంతా నిండింది. వంటింట్లో ఉన్న పెద్ద ఫుప్ఫూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఈ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది" అన్నారు చాచా. మరి కాసేపటికి ఆయనే, "బీరువాలో పెడితే ఇది వినపడదు కదా" అన్నారు.

చాచా మాటలో నిజం ఉందని ముందే అన్నాము. నరసాపురం గాలిలో సముద్రపు ఉప్పు ఉంటుంది, గోదావరి తేమ ఉంటుంది. ఇక్కడ ఇనుమును దాని మానాన వదిలేస్తే తుప్పు తినేస్తుంది. ఫుప్ఫూ కోరినట్లు ముట్టకుండా ఉంచితే పదేళ్ళకు దాదీ చెయ్యి పడిన చోటే ముందుగా పోతుంది, రంగు లేని చోటు అదే గనుక. కాపాడటమంటే ముట్టకుండా ఉండటం కాదు. కనుక తేలిన ఇనుము మీద నెలకొకసారి మిషను నూనె గుడ్డతో పలుచగా తుడవాలని నిర్ణయించాము. వంపు చెక్కమూతను సగం చెదలు తిన్నాయి. దానిని చాచా ఇష్టప్రకారం ఊరి వడ్రంగి చేత పూర్తిగా కొత్తగా, పాతదాని కొలతకే చేయించాము. అలా మిషనుకు మరమ్మతు, మూతకు పునరుద్ధరణ జరిగాయి.

ఇక మిషను ఎవరి దగ్గర ఉండాలి? ఇక్కడ మా మేనమరదలు స్వయంగా ఒక నిజం చెప్పింది. "మామూ, దీని మీద నేరుకుట్టు ఒక్కటే పడుతుంది. ఇప్పుడు చీరకు పీకో కావాలంటారు, అంచులకు ఓవర్‌లాక్ కావాలంటారు. దీనితో నాకు బతుకుతెరువు కుదరదు." ఆమె మాట విని మేము తలవంచుకోవలసి వచ్చింది. మిషను కదలగానే ఆమె కష్టం తీరినట్లేనని మాలో కొందరం అప్పటికే మురిసిపోయి ఉన్నాము. పాత వస్తువు మీది ప్రేమ ఒక్కొక్కసారి ఎదుట ఉన్న మనిషి అవసరాన్ని కూడా కనిపించకుండా చేస్తుంది.

చాచా ఆ రాత్రి ఆలోచించుకుని, మెరుగుల కోసం తీసిపెట్టిన 18,000 రూపాయలతో ఆమెకు మోటారు ఉన్న కొత్త మిషను కొనిపెడతానన్నారు. పాత మిషనులో తమ తమ వాటాలను నలుగురూ ఆమె ఇద్దరు కూతుళ్ళకు కానుకగా ఇచ్చివేశారు. పెద్ద ఫుప్ఫూ ఒక్క షరతు పెట్టారు, అది ఆ నడవలోనే, ఆ కిటికీ పక్కనే ఉండాలని.

మీ ఇంట్లో ఇటువంటిది ఉంటే

మా అనుభవంతో కొన్ని మాటలు చెప్పగలము. మొదట, అది ఎందుకు ఆగిందో తెలిసినవారి చేత చూపించండి. చాలా యంత్రాలు చెడిపోయి కాదు, మురికితో, ఎండిన నూనెతో ఆగుతాయి. రెండవది, తిరిగి సరిదిద్దుకోగల పనులు ముందు చేయించండి. సూది, స్ప్రింగు, దారపు చక్రం మార్చితే పాతవి ఒక డబ్బీలో దాచండి. రంగు గీకడం, చక్రం మార్చడం, రంధ్రాలు చేయడం వంటి పనులను చిట్టచివరకు వాయిదా వేయండి. మూడవది, థిన్నరు, స్పిరిట్ దరిచేరనీయకండి. నాలుగవది, పనికి ఇచ్చే ముందు వరుస సంఖ్య, అన్ని వైపుల ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏ భాగాలు మారుస్తారో, తీసిన పాత భాగాలు తిరిగి ఇస్తారో లేదో ముందుగానే మాట్లాడుకోండి.

పూర్తి పునరుద్ధరణ తగిన సందర్భాలూ లేకపోలేదు. తుప్పు ఇనుమును తొలుస్తూ ఉంటే, రంగు అంతా ఊడిపోయి రక్షణ లేకుండా పోతే, లేదా లోగడ ఎవరో వేసిన నాసిరకం రంగు కింద అసలుది దాగి ఉంటే, మంచి పనివానికి అప్పగించడమే మేలు. అయితే అప్పుడు కూడా ఆ వస్తువు తన పని చేయగలగాలి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ గడియారాన్ని చూడని వారు తక్కువ. అందులోని చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టే ఆ కొద్ది నిమిషాల కోసం జనం బారులు తీరి కూర్చుంటారు. గడియారం నడవకపోతే ఆ బల్లలన్నీ ఖాళీగా ఉండేవి.

అన్నింటికన్నా ముందు ఇంట్లో అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రేపు దీనిని ఎవరు వాడతారు? ఆ ప్రశ్నకు ఒక మనిషి ముఖం గుర్తుకు వస్తే మిగిలిన లెక్కలు వాటంతట అవే తేలుతాయి. ఎవరూ గుర్తుకు రాకపోతే, బయట కుట్టు నేర్చుకుంటున్న పేద పిల్ల ఎవరైనా ఉన్నదేమో చూడటం మంచిది.

కిందటి నెలలో మేము మళ్ళీ నరసాపురం వెళ్ళాము. మేనమరదలి గదిలో కొత్త మిషను మీద పండుగ జాకెట్ల పని సాగుతోంది. నడవలో ఆమె పెద్దకూతురు, తొమ్మిదేళ్ళది, చిన్నపీట మీద కూర్చుని దాదీ మిషను పిడి తిప్పుతోంది. దారం ఎక్కించని సూది కింద పాత నోటుబుక్కు కాగితం. గీత మీదుగా నడపడం నేర్చుకునేవారికి మొదటి పాఠం అదే. ఎడమచెయ్యి అరిగిన అంచు మీద ఆనింది. కాగితం మీద రంధ్రాల వరుస ఇంకా వంకరగానే ఉంది.